గిట్టనితనాన్ని రాయడం ఎలా? ‘కోపంగా’ ఒక్కదానితో సరిపెట్టకుండా మాట ఎంచుకునే పద్ధతి

కథ రాస్తున్నారు. అందులో ఇద్దరికి పడదు. ఆ సంగతి చదివేవాళ్లకు తెలియాలి. చెయ్యి దానంతటదే ‘కోపంగా అన్నాడు’, ‘కోపంగా చూసింది’ అని రాసేస్తుంది. పేజీ తిరిగేసరికి అత్తగారు, బ్యాంకు గుమాస్తా, ఆస్తిలో వాటా పోయిన తమ్ముడు అందరూ ఒకే కొలత కోపంతో తిరుగుతుంటారు.

ఈ బాపతు క్రియావిశేషణాలకు, అంటే పని ఎలా జరిగిందో చెప్పే మాటలకు, తెలుగులో కరువు లేదు. మనకు వచ్చినవే, ఇంట్లో రోజూ వినేవే. కాగితం ముందు కూర్చునేసరికి గుర్తుకు రావు, అంతే. ఏ మాట ఏ మనిషికి, ఏ పనికి అతుకుతుందో ఒక వరసలో చూసుకుంటూ వెళ్తే పని సులువవుతుంది. సీరియల్ స్క్రిప్టుకైనా ఇదే వరస. ఆఫీసులో ఎవరి మీదైనా ఫిర్యాదు రాయాలంటే మాత్రం లెక్క మారుతుంది, అది చివర్లో చెబుతాను.

1. ముందు గీతలు గీయండి

రాసిన పేజీ తీసుకుని కోపంగా, ద్వేషంగా, అసహ్యంగా అన్న మూడు మాటల కింద గీత పెట్టండి. ఒక్కోదాని దగ్గర ఆగి రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ మనిషి దూరం జరుగుతున్నాడా, మీదికొస్తున్నాడా? ఆ గిట్టనితనం దేంట్లో కనబడుతోంది, మాటలోనా, చూపులోనా, నడకలోనా, చేతిలోనా?

జవాబు తట్టకపోతే నిఘంటువు తెరవకండి. ఆ పాత్ర ఇంకా మీకే సరిగ్గా తెలియలేదన్నమాట. తెలిశాక మాట దానంతటదే వస్తుంది.

2. దూరం జరిగే మనిషికి

ముభావంగా, ముక్తసరిగా, పొడిపొడిగా, అంటీముట్టనట్టుగా, మొక్కుబడిగా, ఎడమొహం పెడమొహంగా. పైకి అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. కాస్త దగ్గరగా చూడండి.

ముభావంగా ఉన్నవాడి లోపల మాట ఉంది, బయటికి రావడం లేదు. అది అలక కావచ్చు, బాధ కావచ్చు. వైరం చూపించడానికి ఈ మాట ఒక్కటే చాలదు. ముక్తసరి అనేది కేవలం మాట పొడవు సంగతి. రోగులు బారులు తీరిన డాక్టరు కూడా ముక్తసరిగానే మాట్లాడతాడు, ఆయనకు మీ మీద పగేం లేదు. పొడిపొడిగా మాట్లాడుతున్నాడు అంటే మాత్రం ఒకప్పుడు చనువు ఉండేదని చెప్పకుండానే చెప్పినట్టు. నిన్నటిదాకా గంటలు గంటలు కబుర్లాడిన స్నేహితుడు ఇవాళ ‘ఆఁ, బానే ఉన్నాం’ అని ఊరుకుంటే అది పొడిమాట. కొత్తవాళ్ల మధ్య ఈ మాట అంత బాగా కుదరదు.

మొక్కుబడిగా చేసేవాడు తప్పదు గనక చేస్తాడు. కాఫీ ఇస్తాడు, వేడిగా ఉందో లేదో చూడడు. అంటీముట్టనట్టు ఉండేవాడు ఆ కాఫీ కూడా ఇవ్వడు, ఇంకెవరితోనో ఇప్పిస్తాడు. ఎడమొహం పెడమొహంగా ఉండాలంటే ఇద్దరుండాలి. ‘అతను ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాడు’ అని ఒక్కణ్ణి కూర్చోబెట్టకండి.

నిర్లిప్తంగా అన్న మాటను ఈ గుంపులో కలపొద్దు. నిర్లిప్తంగా ఉన్నవాడికి పట్టింపు లేదు. గిట్టనివాడికి ఉన్నదే పట్టింపు.

ఇప్పటి కథల్లో సగం మాటలు ఫోన్లోనే జరుగుతాయి కాబట్టి ఇంకో సంగతి. పెద్ద మెసేజీకి జవాబుగా వచ్చిన ‘సరే’ పక్కన ‘ముక్తసరిగా జవాబిచ్చింది’ అని రాయక్కర్లేదు. ఆ ‘సరే’ చూపించి, మెసేజీ చూశాక ఎన్ని గంటలకు అది వచ్చిందో చెప్పండి చాలు.

3. మాటతో పొడిచేవాడికి

ఇక్కడే ఎక్కువ గందరగోళం. వెటకారంగా, ఎగతాళిగా, ఎత్తిపొడుస్తూ, దెప్పుతూ, నిష్ఠూరంగా, వీటిని ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తుంటారు.

దెప్పాలంటే పాత సంగతి ఒకటి ఉండి తీరాలి. ఎప్పుడో చేసిన తప్పు, లేదా ఎప్పుడో పొందిన సాయం. ‘నీ చదువుకి ఫీజు కట్టింది ఎవరో మర్చిపోయినట్టున్నావ్’ అన్నది దెప్పడం. ఎత్తిపొడుపుకు పాత సంగతి అక్కర్లేదు, ఇప్పుడు కళ్లెదుట ఉన్న లోటు చాలు. ‘మా వదినగారింట్లో అయితే ఫ్రిజ్ రెండు తలుపులది’ అన్నది ఎత్తిపొడుపు. ఎగతాళికి చూసేవాళ్లు కావాలి. నలుగురు లేని చోట ఎగతాళి రక్తి కట్టదు, అందుకే ఎగతాళి చేసేవాడు ఓరకంట పక్కవాళ్లను చూసుకుంటాడు. ఆ చూపు రాస్తే ‘ఎగతాళిగా’ అని రాసే పని తప్పుతుంది.

వెటకారం దగ్గర జాగ్రత్త. గోదావరి జిల్లాల మనిషి వెటకారంగా మాట్లాడాడంటే మీమీద అభిమానం ఉందనే సగం సందర్భాల్లో అర్థం. అక్కడ పుట్టిన పాత్ర చేత వెటకారం ఆడించి దాన్ని శత్రుత్వానికి గుర్తుగా చూపిస్తే ఆ ప్రాంతం పాఠకులు నవ్వుకుంటారు. ఆ మనిషి వెటకారం మానేసి ‘అలాగేనండి’ అన్నప్పుడు కదా భయపడాల్సింది.

నిష్ఠూరం అయినవాళ్ల సొత్తు. ‘మేం గుర్తున్నామా?’ అని నిష్ఠూరంగా అడిగేది పిన్నో, మేనత్తో, పాత స్నేహితురాలో అయ్యుండాలి. కోర్టులో అవతలి పక్షం వకీలు నిష్ఠూరంగా మాట్లాడడు. అతను కటువుగా మాట్లాడతాడు, సూటిగా మాట్లాడతాడు, మహా అయితే హేళనగా మాట్లాడతాడు. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలన్న సామెత కూడా లావాదేవీలూ బంధాలూ ఉన్నవాళ్ల గురించే.

4. ఎవరు, ఎవరితో

మాట ఎంచుకునే ముందు ఇద్దరిలో ఎవరిది పైచేయో చూసుకోండి. తెలుగులో కోపం మాటలకు దిశ ఉంటుంది. కసురుకోవడం పైనుంచి కిందికే. తల్లి పిల్లాణ్ణి కసురుతుంది, ఆఫీసరు బంట్రోతును కసురుతాడు. బంట్రోతు ఆఫీసర్ని కసరడు. అతనికి మిగిలింది పెడసరం. పెడసరంగా, తలబిరుసుగా, నిర్లక్ష్యంగా అన్నవి కిందినుంచి పైకి వెళ్లే మాటలు. అవి ఎక్కువగా పైవాడి నోటి నుంచే వస్తాయి కూడా. మేనేజరు ‘వాడు పెడసరంగా మాట్లాడాడు’ అంటాడు. వాడు మాత్రం ‘ఉన్నమాటే అన్నాను’ అంటాడు. అంటే ఆ ఒక్క మాట వాడగానే కథ ఎవరి పక్షాన నిలబడి చెబుతున్నారో తేలిపోతుంది. మీరు పనివాడి వైపు నుంచి కథ చెబుతూ ‘పెడసరంగా’ అని రాశారంటే పొరపాటున మేనేజరు కుర్చీలో కూర్చున్నారన్నమాట.

దబాయించడం ఇంకో రకం. తప్పు తన దగ్గర పెట్టుకుని ఎదుటివాడి మీద గొంతు పెంచేవాడే దబాయిస్తాడు. నిజాయితీపరుడు దబాయించాడని రాస్తే అతని నిజాయితీ మీద అనుమానం వస్తుంది.

అసలు ఆయుధం క్రియావిశేషణం కూడా కాదంటాను. మన్నన మాటలే ఆ పని చేస్తాయి. ‘మీరు’ అనే మనిషి హఠాత్తుగా ‘నువ్వు’లోకి దిగితే తగువు ముదిరినట్టు. ఇది అందరూ రాస్తారు. తిరగేసింది ఇంకా పదునుగా ఉంటుంది. ‘ఏరా’ అని పిలిచే అన్న తమ్ముణ్ణి ‘రండి, కూర్చోండి’ అన్నాడంటే దాని పక్కన ఏ ‘గా’ చేర్చినా దండగే.

5. ధ్వని మాటలకు కొలత ఉంది

తెలుగు కోపంలో చాలా భాగం చప్పుళ్లే. వాటిని ఎలాపడితే అలా వాడకూడదు. ఆ మాట చివర ఏముందో చూడండి. కోపం ఎంతసేపుందో అది చెబుతుంది.

చివర ‘మని’ ఉంటే ఒక్క ఊపు. కస్సుమని, బుస్సుమని, గయ్యిమని. లేచింది, తగిలింది, అయిపోయింది. ‘జీతం మాటెత్తగానే కస్సుమంది’ బాగుంటుంది. ‘సాయంత్రం దాకా కస్సుమంది’ కుదరదు. రోజంతా సాగాలంటే దాన్నే జంట చేసి ‘కస్సుబుస్సులాడింది’ అనాలి.

చివర ‘లాడుతూ’ ఉంటే సాగే కోపం. రుసరుసలాడుతూ, చిటపటలాడుతూ, ధుమధుమలాడుతూ. దీనికి పక్కన ఇంకో పని జరుగుతుండాలి. రుసరుసలాడుతూ గిన్నెలు తోమింది, చిటపటలాడుతూ పెట్టె సర్దింది. ఈ మూడింట్లోనూ తేడా ఉంది. చిటపటలాడే మనిషి నోరు ఊరుకోదు, ఒక్కో మాటా పైకి ఎగురుతుంటుంది. ధుమధుమ మొహంలో ఉంటుంది, మాట ఉండకపోవచ్చు. రుసరుస ఈ రెండింటికీ నడిమధ్య, ఊపిరీ మాటా కలిసిపోయినట్టు.

చివర దీర్ఘం ఉంటే ఒక్క అవయవానికో, ఒక్క పనికో కట్టుబడిన మాట. కొరకొరా చూడాలి. పటపటా పళ్లు కొరకాలి. విసవిసా నడవాలి. ‘విసవిసా మాట్లాడింది’ అంటే చెవి ఒప్పుకోదు. చరచరా కూడా నడకదే, కానీ అందులో కోపం కన్నా తొందర ఎక్కువ. బస్సు అందుకోవాల్సినవాడూ చరచరా నడుస్తాడు. అలిగి పుట్టింటికి బయల్దేరినామె విసవిసా వెళ్తుంది.

చివర ‘న’ ఉంటే ఒక్క కదలిక. ధడాలున తలుపేసింది, గిరుక్కున తిరిగింది.

ఇంకో మాట, చివుక్కుమనడం. ఇది అనేవాడిది కాదు, పడేవాడిది. ‘ఆమె చివుక్కుమని అంది’ అని ఎక్కడో చదివాను. చివుక్కుమనేది విన్నవాళ్ల మనసు. సన్నివేశాన్ని దెబ్బ తిన్నవాళ్ల వైపు నుంచి చెబుతుంటే కసిరినవాడికి ఏ విశేషణమూ తగిలించకుండా వదిలేసి, ఈ ఒక్క మాట విన్న మనిషికి ఇవ్వండి.

6. చూపు, చెయ్యి, గొంతు

చూపులకు: కొరకొరా చూసేవాడు ఏమీ చేయలేక చూస్తున్నాడు. ఉరిమి చూసేవాడికి అధికారం ఉంది, ఆ చూపుకి అవతలివాడు ఆగిపోతాడు. ఎగాదిగా చూసేవాడు కొలుస్తున్నాడు, చెప్పుల నుంచి జుట్టుదాకా. అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ చూపు, పెళ్లిచూపుల్లో అవతలివాళ్ల చూపు అదే. గుర్రుగా అన్న మాటలో ‘చూడటం’ కన్నా ‘ఉండటం’ ఎక్కువ. ‘టికెట్ దక్కని నాయకుడు అధిష్ఠానం మీద గుర్రుగా ఉన్నాడు’ అని పేపర్లు రోజూ రాస్తాయి. అది చాన్నాళ్లుగా లోపల నిలవున్న కోపం.

చేతులకు విసురుగా అన్న మాట ఒక్కటి గట్టిగా పట్టుకోండి. విసురుగా కంచం పెట్టడం, విసురుగా కాగితం లాక్కోవడం. గయ్యాళి పాత్రల్లో సూర్యకాంతాన్ని చూడండి. గుండమ్మ కథ వచ్చింది 1962లో, ఇప్పటికీ ఆవిడ పేరు చెబితే మాట కన్నా ముందు ఆ ఎడం చెయ్యి తిప్పడం గుర్తొస్తుంది. నోరూ చెయ్యీ కలిసి ఒకే పని చేస్తాయి. మీ పాత్రకు కూడా అలాంటి ఒక చేష్ట ఇచ్చి దాన్నే రెండు మూడుసార్లు చూపిస్తే కొత్త కొత్త మాటలు వెతుక్కునే బాధ తగ్గుతుంది.

గొంతు సంగతికొస్తే, వైరం ఉంటే అరవాలని లేదు. రావు గోపాలరావు విలన్‌గా భయపెట్టిన పాత్రల్లో చాలాచోట్ల గొంతు పెంచడు. తాపీగా, నింపాదిగా, మాట విరుస్తూ అంటాడు. తాపీగా, నింపాదిగా, మెత్తగా, నవ్వుతూ అన్నవి మంచి మాటలే. చెడ్డ మాట పక్కన పెట్టినప్పుడు అవి కర్కశంగా అన్నదానికన్నా ఎక్కువ పని చేస్తాయి. ‘కర్కశంగా, నిర్దాక్షిణ్యంగా, పరుషంగా’ లాంటివి వార్తలకో, పౌరాణిక కథలకో బాగుంటాయి. వంటింట్లో జరిగే తగువుకి అవి బరువెక్కువ.

7. లోతైన వైరానికి

ఇక్కడ నాలుగు మాటలే ముఖ్యం. అక్కసు ఓర్వలేనితనం, ఎదుటివాడు తప్పేమీ చేసి ఉండనక్కర్లేదు. కసి లోపల మండేది, అవకాశం దొరికితే చేతుల్లోకొస్తుంది. కసిగా చదివి పాసైనవాడూ ఉంటాడు కనక అది ఎప్పుడూ చెడ్డదే అనుకోవద్దు. కక్ష కట్టినవాడు లెక్క రాసుకుంటాడు. పగబట్టినవాడికి ఆ లెక్క తరాల దాకా పోతుంది. ‘కక్షగా’, ‘పగగా’ అని ‘గా’ చేర్చడం కన్నా కక్షకట్టి, పగబట్టి, కక్షతో అన్నవే నోటికి పట్టుంటాయి.

8. మాటను ఎక్కడ పెట్టాలి

క్రియకు ఆనుకుని ముందు పెట్టండి. తెలుగులో క్రియావిశేషణం తనకు దగ్గర్లో వచ్చే క్రియను పట్టుకుంటుంది. ‘మామగారు కోపంగా వెళ్లిపోతున్న అల్లుణ్ణి ఆపారు’ అని రాశారనుకోండి. కోపం అల్లుడిదైపోయింది. మామగారిది కావాలంటే ‘వెళ్లిపోతున్న అల్లుణ్ణి మామగారు కోపంగా ఆపారు’ అనాలి.

క్రియలోనే కోపం ఉంటే విశేషణం తీసేయండి. కసిరాడు, గద్దించాడు, మండిపడ్డాడు, విరుచుకుపడ్డాడు, ఈసడించుకుంది, వీటి ముందు ‘కోపంగా’ ఉంటే కొట్టేయొచ్చు.

అర్థం మీద అనుమానం వస్తే ఆంధ్రభారతి సైట్లో ఆ మాట కొట్టి చూడండి. బ్రౌన్ 1852లో అచ్చు వేయించిన నిఘంటువు మొదలు చాలా కోశాలు ఒకేచోట వెతకొచ్చు. కాకపోతే అక్కడ దొరికిన పాత మాటను మీ వాళ్లెవరూ వాడగా వినకపోతే వాక్యంలోకి తేవద్దు.

ప్రాంతం కూడా చూసుకోండి. తెలంగాణ పాత్ర నోట ‘గుస్స’, ‘నారాజ్’, ‘గరం’ సహజంగా వస్తాయి. ‘మా బాపు నా మీద గుస్సైండు’, ‘పెండ్లికి పిలువలేదని మామ నారాజున్నడు.’ అక్కడ ‘గా’ పొట్టిదై ‘మంచిగ, కోపంగ’ అవుతుంది. ఆ మనిషి చేత ‘మా బాపు ధుమధుమలాడుతున్నారండి’ అనిపించకండి.

9. ఇప్పుడు ఒక సన్నివేశం మీద చేసి చూద్దాం

పొలం గట్టు దగ్గర అన్నదమ్ములకు తగువు. మాటల్లేవు. తమ్ముడి కూతురికి పెళ్లి కుదిరింది. మొదట రాసింది ఇలా ఉందనుకోండి:

‘శ్రీను అన్నయ్య ఇంటికి వెళ్లాడు. అన్నయ్య కోపంగా చూశాడు. “ఎందుకొచ్చావ్?” అన్నాడు కోపంగా. వదిన కోపంగా నీళ్లిచ్చింది. శ్రీను శుభలేఖ ఇచ్చాడు. అన్నయ్య దాన్ని కోపంగా పక్కన పడేశాడు.’

మొదటి ప్రశ్న వేయండి. శుభలేఖతో గడప తొక్కినవాణ్ణి మనవాళ్లు తిట్టి పంపరు. కాబట్టి అన్నయ్య మీదికి రాడు, దూరం జరుగుతాడు. వదినకు అంత ఓపిక లేదు, ఆవిడ కోపం చేతుల్లో, కాళ్లలో ఉంటుంది. ఇప్పుడు మళ్లీ రాస్తే:

‘గేటు చప్పుడుకి అన్నయ్య పేపర్లోంచి తలెత్తి చూసి, మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయాడు.

“రండి. కూర్చోండి.”

బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అన్నయ్య నోట ‘రండి’ వినలేదు శ్రీను. కుర్చీ అంచున కూర్చున్నాడు. వదిన మంచినీళ్లు తెచ్చి, చేతికివ్వకుండా స్టూలు మీద పెట్టి విసవిసా లోపలికెళ్లిపోయింది. సగం నీళ్లు స్టూలు మీదే ఒలికాయి.

శ్రీను శుభలేఖ రెండు చేతులా అందించాడు. “పదిహేనో తారీకు. నువ్వే దగ్గరుండి జరిపించాలన్నయ్యా. కార్డు మీద నీ పేరే ముందు వేయించాను.”

అన్నయ్య కవరు విప్పలేదు. “గట్టు మీద రాళ్లు కూడా మీరే వేయించారుగా,” అన్నాడు నింపాదిగా.’

మిగిలినవి రెండే, విసవిసా, నింపాదిగా. ‘రండి’ ఒక విశేషణాన్ని మింగేసింది, ఒలికిన నీళ్లు ఇంకోదాన్ని మింగేశాయి. ‘నింపాదిగా’ తీసేసినా వాక్యం నిలబడుతుంది, కానీ అది ఉంటే ఆ మాట ఎన్నాళ్లుగానో సిద్ధం చేసి పెట్టుకున్నట్టు వినిపిస్తోంది. అందుకే ఉంచాను. ‘విసవిసా’ మీకు ఎక్కువనిపిస్తే తీసేయండి. నాకైతే వదిన కాళ్ల చప్పుడు అక్కడ వినబడాలనిపించింది.

మీ పేజీకి కూడా ఇలాగే చేసి పైకి చదవండి. చదువుతుంటే ఎక్కడ మీ గొంతే ఆ స్వరంలోకి మారిపోయిందో అక్కడ విశేషణం అక్కర్లేదు. ఎక్కడ గొంతు మామూలుగా ఉండిపోయి, అర్థం తేడాగా వినబడుతోందో అక్కడ పెట్టండి.

10. ఫిర్యాదు రాసేటప్పుడు

కౌంటర్ దగ్గర ఎవరో మిమ్మల్ని అవమానించారనుకోండి, అర్జీలో ‘సదరు ఉద్యోగి నాతో దురుసుగా ప్రవర్తించారు’ అని రాసి సంతకం పెట్టి వచ్చేస్తారు. అవతలివారు ‘నేను మర్యాదగానే మాట్లాడాను’ అని ఒక్క వాక్యం రాసిస్తారు. దురుసుకీ మర్యాదకీ మధ్య ఇక తేల్చడానికేమీ ఉండదు. ఇక్కడ పైన చెప్పిన మాటలన్నీ పక్కన పెట్టేయాలి. దురుసుగా, నిర్లక్ష్యంగా, అహంకారంగా అన్నవి మీ అభిప్రాయాలు. జరిగింది రాయండి. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ కౌంటర్. మీరు ఏమడిగారు, వాళ్లు ఏమన్నారు, వాళ్లన్న మాట ఉన్నదున్నట్టు కొటేషన్లలో. కాగితం విసిరితే ‘విసురుగా ఇచ్చారు’ అనకుండా ‘నా దరఖాస్తు కింద పడేలా విసిరారు, నేను వంగి తీసుకున్నాను’ అని. పక్కన ఎవరున్నారో, అక్కడ కెమెరా ఉందో లేదో కూడా రాయండి. అంతా రాశాక ఇంకా ‘దురుసుగా’ అన్న మాట వాడాలనిపిస్తే ఆఖరి వాక్యంలో ఒక్కసారి వాడుకోండి.